గొంగడి కింద పన్నెండు నిమిషాలు

తాండూరులోని ఆ బండల కార్ఖానాలో చేరిన మూడో నెలలో నా వల్ల ఒక మనిషికి ఉద్యోగం పోయేంత పనయింది. నేను చేసింది పెద్దదేమీ కాదు. ఒక కాగితం మీద ఆరు వాక్యాలు రాశాను. ఆ ఆరింటిలో ఐదు నిజం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది నవాబుపేట. హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఓవర్సీరుగా నా మొదటి కొలువులో చేరాను. ఊరి బయటి గనుల నుంచి ఎడ్లబండ్ల మీద నాపరాతి పలకలు మా షెడ్డుకు వచ్చేవి. షెడ్డులో ఒక ఆయిల్ ఇంజను, దాని బెల్టులతో తిరిగే నాలుగు పాలిషింగు మిషన్లు ఉండేవి. పలకను మిషను కింద బిగించి ఇసుక, నీళ్లు పోస్తూ ఉంటే ఇనుప చక్రం దాన్ని నున్నగా అరగదీసేది. గనుల వాళ్లతో కలిపి మొత్తం నూరు మందికి పైగా పనిచేసేవారు. అంతమంది ఉన్న చోట పని నియమాలు రాసి, వాళ్లకు తెలిసిన భాషలో గోడకు పెట్టాలని చట్టం చెబుతుంది. మా గోడ మీద ఉన్న నియమాలు పాత కాలపు ఉర్దూలో ఉండేవి. వాటిని చదవగలిగినవాడు కార్ఖానా యజమాని సేటు ఒక్కడే.

"నువ్వు సదువుకున్నోనివి. తెలుగుల రాయి" అన్నాడు సేటు.

నాకు జాబితాలంటే ఇష్టం. మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. కార్మికుల బాధ్యతలు ఇరవై రెండు, యజమాని హక్కులు తొమ్మిది అయ్యాయి. వాటిలో ఈ కథకు ముఖ్యంగా కావలసినవి నాలుగు. ఆరో బాధ్యత: ఓవర్సీరు అనుమతి లేకుండా మిషనును ఖాళీగా ఉంచరాదు. పదకొండోది: పనివేళలో నిద్రపోరాదు. పద్నాలుగోది: యజమాని సామగ్రి నిర్లక్ష్యం వల్ల పాడుకాకుండా చూసుకోవాలి. నాలుగో హక్కు: తప్పు చేసినవాణ్ని యజమాని పని నుంచి తీసివేయవచ్చు, అయితే ఆరోపణ రాసి ఇచ్చి, జవాబు విని, విచారణ జరిపిన తరువాతే.

రాసిన తరువాత తెలిసింది, తెలుగు చదవగలిగినవాళ్లు కూడా మా షెడ్డులో నలుగురైదుగురే అని. అందుకని ఒక మధ్యాహ్నం ఇంజను ఆపించి, స్టూలు మీద నిలబడి మొత్తం చదివి వినిపించాను. అందరూ సద్దిమూటల ముందు కూర్చుని విన్నారు. రెండో మిషను దగ్గర నీళ్లు పోసే ఆమె మాత్రం ఊరుకోలేదు. ధారూర్ వైపు నుంచి రోజూ రైలుకు వచ్చేది. ఎవరికీ జంకేది కాదు.

"మావి ఇరవై రెండు, సేటుయి తొమ్మిదేనా సారూ? పాపం, సేటుకు తక్కువ పడ్డయి" అంది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నిజంగా తక్కువయ్యాయా అని మనసులో లెక్క చూసుకుంటున్నాను.

ఆ రోజు నన్ను ప్రశ్న అడిగినవాడు ఒక్కడే. రెండో మిషను నడిపే పెద్దమనిషి. యాభై దాటిన వయసు, తలకు రుమాలు, ఎండాకాలమైనా వానాకాలమైనా భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇల్లు వాళ్లది. వానలు లేని రెండేళ్లలో మంద అమ్ముకుని కార్ఖానాకు వచ్చాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ని.

"సారూ, ఆ పద్నాలుగోది మళ్ల ఒక్కపారి సదువుండ్రి" అన్నాడు.

చదివాను.

"అంటె మిషిను కింద బండ వలిగి ముక్కలైతే తప్పు మాదే అన్నట్టా?"

"నిర్లక్ష్యం చేస్తే నీదే కాకా."

ఆయన తల ఊపి, చేయి కడుక్కోవడానికి లేచిపోయాడు. ఆ ప్రశ్నను నేను నోటుబుక్కులో రాసుకోలేదు. రాసుకోవలసింది.

తరువాత మూడు వారాలకు, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు, నేను ఇంజను బేరింగులకు నూనె చూసి వస్తున్నాను. రెండో మిషను చక్రం ఆగి ఉంది. దాని వెనుక, మిషనెక్కవలసిన పలకలను పేర్చిన చోట, కాకా పడుకుని ఉన్నాడు. తల మీదుగా నడుము దాకా గొంగడి కప్పుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పక్కన కర్ర, దాని అవతలి కొస పలకల చాటున ఉంది. నీళ్లామె అక్కడ లేదు. మూడుసార్లు పిలిచాను. కదలలేదు. గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు గంటల యాభై రెండు నిమిషాలకు ఆయన గొంగడి తీసి లేచాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏం చేస్తున్నవ్ కాకా?"

ఆయన ఒక పలకను ఎత్తి పక్కన పెట్టి, మరో పలకను మిషను మీదికి జరిపి, చక్రం దింపాడు.

సాయంత్రం సేటుకు ఆరు వాక్యాల రిపోర్టు ఇచ్చాను. చివరి వాక్యం: "ఆ విధంగా అతడు పన్నెండు నిమిషాలు నిద్రపోయినాడు."

సేటు చెడ్డవాడు కాదు, కోపిష్టి. "నా కార్ఖానా నాది. నీళ్లు పోసి లేపాల్సింది వాణ్ని. తీసెయ్" అన్నాడు.

"విచారణ చేయాలి సేటు. నాలుగో హక్కు."

"నువ్వు రాసిందే గద అది?"

"చట్టంలోనూ ఉంది."

"అయితే నువ్వే చెయ్ ఆ విచారణ. తెల్లారి లోపల అయిపోవాలె."

తెల్లారేలోగా కాదని, వారం గడువు ఇవ్వాలని ఎంతో చెప్పి ఒప్పించాను. అప్పటిదాకా కాకాను పని ఆపించి ఇంటికి పంపాలని నిర్ణయమైంది. ఆరోపణ పత్రం నేనే రాశాను, నేనే చదివి వినిపించాను, ఆయన వేలిముద్ర తీసుకున్నాను.

"నీ జవాబేంది కాకా?"

"మీరు సూసిండ్రు, మీరు రాసిండ్రు. నేనేం జెప్పాలె?" అని గొంగడి సర్దుకున్నాడు. గేటు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "సారూ, నాకిగ మంద లేదు. అమ్మిన. కొన్నోడు మర్పల్లి దిక్కు తోలుకపోయిండు. గీ మిషినే నాకు మంద. గది గుర్తుంచుకోండ్రి."

ఆ రాత్రి నేను సరిగ్గా తినలేకపోయాను. నిద్రపోవడం తప్పే, నేను చూసిందీ నిజమే అని రెండుసార్లు అనుకున్నాను. రెండోసారి అనుకోవలసి రావడమే నాకు నచ్చలేదు.

విచారణ ఎలా జరపాలో నాకు తెలియదు. ఆ మాట సేటుకు చెబితే, వికారాబాదు కోర్టులో తన భూముల పనులు చూసే వకీలు ఒకాయన ఉన్నాడని, అడిగి రమ్మని పంపాడు. ఆదివారం ఉదయం రైలెక్కాను. ధారూర్ స్టేషనులో సీతాఫలాల గంపలు ఎక్కాయి. వాటి మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుని, అడగవలసిన ప్రశ్నలు రాసుకున్నాను. పద్దెనిమిది అయ్యాయి.

వకీలు వసారాలో కూర్చుని సీతాఫలం తింటున్నాడు. గింజలు పళ్లెంలో ఒక వరుసలో పెడుతున్నాడు. నా ప్రశ్నల కాగితాన్ని చూడకుండానే పక్కన పెట్టాడు.

"రిపోర్టు ఇచ్చింది ఎవరు?"

"నేనే."

"చార్జిషీటు రాసింది?"

"నేనే."

"విచారణకు కూర్చునేది?"

"సేటు నన్నే…"

"అయితే ఉరి కూడ నువ్వే తియ్యి, ఒక జీతం మిగులుతది సేటుకు." ఆయన నవ్వలేదు. "చూసినోడు సాక్షి. సాక్షి తీర్పు చెప్పొద్దు. ఇంకెవర్నన్న కూర్చోబెట్టమను. ఆ ముసలాయన తన దిక్కు ఒక తోటి మనిషిని తెచ్చుకోనియ్యి. ఇంకోటి, ఆరోపణ కాగితంల లేని తప్పుకు శిక్ష వెయ్యొద్దు. గింతే. పండు తింటవా?"

పండు తీసుకున్నాను. ఆయన నా రిపోర్టు అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వాక్యం చదివాడు.

"చక్రం ఆగి ఉంది. చూసినవా?"

"చూశాను."

"పండుకొని ఉన్నడు. చూసినవా?"

"చూశాను."

"గొంగడి కప్పుకున్నడు, మూడుసార్లు పిలిస్తే పలకలె, పన్నెండు నిమిషాలకు లేచిండు. అన్నీ చూసినవ్. నిద్ర చూసినవా?"

"పడుకుని ఉన్నాడు కదండీ."

"అది రెండోది. నేను ఆరోది అడుగుతున్న. కండ్లు మూసి ఉన్నయా?"

"గొంగడి ఉంది."

"గురక?"

"ఇంజను నడుస్తోంది. ఏమీ వినబడదు."

"మరి నువ్వు పిలిచింది ఆయనకెట్ల వినవడ్డది?"

పండు చేతిలోనే ఉండిపోయింది. మూడేళ్లు కొలతలు నేర్చుకుని వచ్చినవాణ్ని. కొలిచింది కొలిచినట్టు రాయాలి, ఊహించింది వేరుగా రాయాలి అని ల్యాబులో మొదటి రోజే చెప్పారు. ఐదు కొలతల కింద ఒక ఊహను, ఆరో కొలత అన్నట్టు, అదే సిరాతో రాశాను. దాని మీద ఒక మనిషి వేలిముద్ర తీసుకున్నాను.

"ఇప్పుడేం చేయాలి?" అన్నాను.

"చూసింది చెప్పు. చూడంది చూడలేదని చెప్పు. నీ కొలువు పోతదని భయమా?"

"ఉంది."

"ఉండాలె. ఆ ముసలాయనకు కూడ ఉన్నది."

తిరుగు రైలులో కిటికీ పక్కన చోటు దొరికినా బయటికి చూడలేదు. తాండూరులో దిగి నేరుగా సేటు ఇంటికి వెళ్లి, నిద్ర నేను చూడలేదని చెప్పాను. సేటు కుర్చీలోంచి లేచాడు.

"ముందు చూసినంటివి. ఇప్పుడు చూడలేదంటున్నవ్. రేపు నా మిషిన్ల గురించి నువ్వేం రాసినా నేనెట్ల నమ్మాలె?"

నేను రిపోర్టు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఈ మాట విచారణలో చెప్పు. తర్వాత నీ సంగతి చూస్త" అని లోపలికి వెళ్లాడు.

విచారణకు సేటు తన స్నేహితుణ్ని, ఊళ్లో కందిపప్పు మిల్లు ఉన్న ఒక పెద్దాయనను కూర్చోబెట్టాడు. ఆయన మాటల్లో మధ్యమధ్య కన్నడం దొర్లేది. ఇంజను ఆపి, షెడ్డులోనే బల్ల వేశాం. కాకా తన తరఫున నీళ్లామెను వెంట తెచ్చుకున్నాడు. ఎందుకో ఆమె పెదవులు బిగించుకుని ఉంది. అలా ఉండగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

మిల్లు పెద్దాయన ఆరోపణ చదివి, నన్ను అడిగాడు. నేను లేచి నిలబడి, చూసిన ఐదు సంగతులు చెప్పాను. "ఆరోది నేను చూడలేదు. ఊహించి రాశాను. తప్పు నాది" అన్నాను. సేటు తల తిప్పుకున్నాడు.

"ఏమప్పా, మరి నీవేం చేస్తుంటివి అక్కడ?" అని పెద్దాయన కాకాను అడిగాడు.

కాకా నేల చూశాడు.

"చెప్పు. నిద్రపోలేదంటే లేదను."

"నిద్రపోలె."

"మరి?"

నీళ్లామె కాకా వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె ఇక ఆగలేదు.

"ఎన్ని దినాలు నోరు కుట్టుకోని ఉండాలె నేను? ఆయన పండుకోలె అయ్యా! బండ ఇంటున్నడు!"

"ఏం వింటున్నడు?"

"బండ. మీరు కుండ కొనేటప్పుడు కొట్టి సూడరా? కణకణమంటె తీసుకుంటరు, బద్దగ మోగితే పక్కకు వెడ్తరు. గట్లనే. లోపల నెర్రె ఉంటె కండ్లకు అగుపడది. మిషిను కింద పెట్టినంక వలిగి ముక్కలు లేస్తయి. ఈ ఇంజను మోతల నిలవడి కొడితె ఏమినవడ్తది? అందుకే చెవి బండకు ఆనిచ్చి, మీదికెల్లి గొంగడి కప్పుకోని, కర్రతోని ఆ కొస మీద కొడ్తడు."

కర్ర. నేను దాన్ని రిపోర్టులో రెండో వాక్యం చివర రాశాను. "పక్కన కర్ర ఉన్నది" అని. ఎందుకుందో అడగలేదు. గొంగడి కింద ఉన్న చేయి దాని ఇవతలి కొసను పట్టుకుని ఉందేమో కూడా చూడలేదు, నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

"గొర్రె కట్టిందా లేదా అని వాళ్ల నాయిన కడుపుకు చెవి పెట్టి చెప్తుండెనట. గీయన బండకు పెడ్తడు. మొదలు ఎప్పుడో ఒకటి ఇంటుండె. నెల కింద ఈ సారు స్టూలెక్కి పద్నాలుగోది సదివిండు సూడుండ్రి, అప్పటికెల్లి ప్రతొక్కటి ఇనవట్టె!"

సేటు నా వైపు తిరిగాడు. కాకా ఇంకా నేలనే చూస్తున్నాడు.

"ఇది చెప్పడానికేమైంది నీకు?" అన్నాడు పెద్దాయన.

అప్పుడు కాకా నెమ్మదిగా చెప్పాడు. "ఆరోది ఉన్నది గదయ్యా. అడగకుంట మిషిను ఖాళీగ పెట్టొద్దని. నిద్రపోయిననంటె ఒక్క తప్పు. బండ ఇన్ననంటె దినాం చేసిన తప్పు. మూడు వారాల తప్పాయె. ఒక్కటే మేలనుకున్న."

సేటు బల్ల మీద వేళ్లు ఆడించాడు. "ఆరోది తప్పిండా లేదా మరి?" అన్నాడు, తనలో తాను అడుగుతున్నట్టు.

నీళ్లామె నడుము మీద చేయి వేసుకుంది. "ఆరోది పట్టుకుంటె పద్నాలుగోది పోతది. పద్నాలుగోది పట్టుకుంటె ఆరోది పోతది. రెండు రాసింది ఒక్క చెయ్యే గద, ఆయన్నే అడుగుండ్రి!" అని నన్ను చూపించింది.

మొదట మిల్లు పెద్దాయన నవ్వాడు. తరువాత వెనకాల నిలబడ్డవాళ్లందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అయినా వకీలు చెప్పిన మూడో మాట గుర్తుకొచ్చి, చేయి ఎత్తాను.

"ఆరో నియమం ఆరోపణ పత్రంలో లేదు. పత్రంలో లేనిదానికి శిక్ష వేయకూడదు. ఇంకొకటి…" నోటుబుక్కు తీశాను. ఏ మిషను కింద ఏ రోజు ఎన్ని పలకలు పగిలాయో గీతలు గీసుకుని రాసుకునేవాణ్ని. రాసుకోవడమే తప్ప అడ్డంగా పోల్చి చూసింది లేదు. ఇప్పుడు ఆ పేజీని బల్ల మీద పెట్టాను. నియమాలు చదివిన రోజు నుంచి ఒకటి, మూడు, నాలుగు మిషన్ల కింద గీతలు ఉన్నాయి. కాకాను ఇంటికి పంపే దాకా రెండో మిషను గడి మూడు వారాలూ ఖాళీ.

సేటు ఆ ఖాళీ గడి మీద బొటనవేలు పెట్టి, కాసేపు తీయలేదు. మిల్లు పెద్దాయన కాగితం మీద "ఆరోపణ రుజువు కాలేదు" అని రాసి సంతకం పెట్టాడు. పని ఆపిన రోజులన్నీ పనిలో ఉన్నట్టే అని దాని కింద మరో వాక్యం చేర్పించాను. సేటు వద్దనలేదు.

"ఓవర్సీర్ సాబ్," అన్నాడు లేస్తూ, "నా హక్కుల్ల పని ఎట్ల చెయ్యాలె అని చెప్పేది ఒకటున్నది గద?"

"రెండోది. పని పద్ధతి నిర్ణయించేది యజమానే అని."

"రాసుకో. ఏ మిషిను మీదికైనా బండ ఎక్కేముందు ఇనాలె. ఇనేటందుకు మిషిను ఆపొచ్చు. ఇరవై మూడోది. మిగిలిన ముగ్గురికి గీయనే నేర్పాలె." రెండడుగులు వేసి ఆగాడు. "ఆరోది తిరిగి రాయి. నీ సంగతి చూస్తనంటి గద, గిదే."

ఇంతేనా అనిపించింది. అక్కడి పలకల మీదే కూర్చున్నాను. విపరీతంగా ఆకలేసింది. కాకా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్షమించమని అడగాలనుకున్నాను గాని, ముందు ఆయనే మాట్లాడాడు.

"తిన్నవా కొడుకా?"

అంతవరకు ఎప్పుడూ సారూ అనేవాడు. లేదన్నాను. నీళ్లామె సద్దిమూట విప్పి జొన్నరొట్టె విరిచి ఇద్దరికీ ఇచ్చింది. "తినుండ్రి. దీనికి నంబరు లేదు" అంది.

మరునాడు ఇరవై మూడో నియమాన్ని గోడ మీద అతికించాను. అతికించాక, నేను చేయలేని పనిని నియమంగా రాయడం బాగుండదనిపించింది. మధ్యాహ్నం కాకా దగ్గరికి వెళ్లి నేర్పమన్నాను. ఆయన పలక మీద దుమ్ము తుడిచి, పడుకోమని చూపించాడు. చెవి ఆనించాను. రాయి చల్లగా ఉంది. పైన గొంగడి కప్పాడు. గొర్రెల వాసన, కొంత పొగ వాసన, చీకటి. ఇంజను మోత ఎక్కడో పక్క ఊళ్లో నడుస్తున్నట్టు దూరమైపోయింది. ఆయన అవతలి కొస మీద కొట్టాడు. ఏదో వినబడింది. మరో పలక మీద కొట్టాడు. అదీ వినబడింది. రెండింటికీ తేడా నాకు తెలియలేదు. గొంగడి ఎత్తి చూశాను.

"రెండు ఒకతీరుగనే ఉన్నయి కాకా."

"మొదటిదాంట్ల నెర్రె ఉన్నది. మళ్ల పండుకో. ఊపిరి జర మెల్లగ తీసుకో. ఎక్వ ఆలోచన చెయ్యకు."

మళ్లీ పడుకున్నాను. ఎన్ని నిమిషాలో తెలియదు. గడియారం చొక్కా జేబులో, గొంగడి కింద ఉండిపోయింది. ఆ సమయంలో సేటు షెడ్డులోకి వచ్చాడట. ఆగిన చక్రాన్నీ, గొంగడి బయట బూట్లేసుకున్న నా కాళ్లనూ చూసి, "ఎవడ్రా పండుకున్నది?" అని అరిచాడట. నాకు ఏమీ వినబడలేదు. సాయంత్రం రైలుకు పోయేముందు నీళ్లామె కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

"కాకా ఏమన్నడు?" అని అడిగాను.

"'పండుకోలె సేటూ, పని నేర్సుకుంటున్నడు. ఇంక చెవులు రాలె' అన్నడు."